ఎడమవైపు తలుపు

గిలకలదిండి,
బందరు.
ఆదివారం.

చిరంజీవి తమ్ముడు అయ్యప్పను అక్క సూర్యకుమారి మనసారా దీవించి రాస్తున్నది.

ఇక్కడ నాన్న, మీ బావ, పాప, నేను అందరం క్షేమం. ఉత్తరమన్నాక ఈ మాట రాయాలి కాబట్టి రాశాను. వేళకి తింటున్నాం, ఎవరి పనులు వాళ్ళం చేసుకుంటున్నాం, ఎవరికీ జ్వరాలు లేవు. ఇప్పుడు దాన్నే క్షేమం అనుకోవాలిరా. నువ్వు కూడా అక్కడ పారాదీప్‌లో కడుపునిండా తింటున్నావని, ఆ బోటు ఇంజన్ల షెడ్డులో ఒళ్ళు దగ్గర పెట్టుకుని పని చేస్తున్నావని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. పోస్ట్‌మన్ అది నా చేతిలో పెడుతూ, "ఈ రోజుల్లో కూడా ఉత్తరాలు రాసేవాళ్ళున్నారామ్మా!" అని నవ్వాడు. మా తమ్ముడు ఫోను ముట్టుకోడని అతనికేం చెప్తాను? అవనిగడ్డ నుంచి మీరిద్దరూ వస్తుంటే, చల్లపల్లి దాటాక ఐసు ఫ్యాక్టరీ వాళ్ళ దగ్గర్నుంచి నీకు ఫోను రావడం, నువ్వు ఒక్క క్షణం దాని వంక చూడటం, రోడ్డు పక్కన ఆపి ఉన్న వరికోత మిషనుకి కారు ఎడమ పక్కంతా గుద్దుకోవడం, ఆ పక్కన కూర్చున్న నా మరదలు మాధవి మనకి లేకుండా పోవడం, అంతా ఆ ఒక్క క్షణంలోనే. మీ పాప సుమకి బడి ఉందని నా దగ్గర వదిలి వెళ్ళారు కాబట్టి అది మిగిలింది. ఆ రోజు నుంచి నీకు ఫోనంటే వణుకు. నాకు తెలుసు. అందుకే చేపల బుట్ట మోసిన చేత్తో ఇప్పుడు పెన్ను పట్టుకున్నాను. అక్షరాలు వంకర పోతే నవ్వుకో. నువ్వు నవ్వితే నాకంతకన్నా ఏం కావాలి.

నాన్న మోకాలు ఎలా ఉందని అడిగావు. నొప్పి అలాగే ఉంది, నోరూ అలాగే ఉంది. వేటకి వెళ్ళలేకపోయినా తెల్లారేసరికి హార్బరుకి వెళ్ళి, వచ్చిన ప్రతి పడవ వాడికీ వల ఎలా మడవాలో చెప్పి తిట్టించుకుని వస్తున్నాడు. మీ బావ నాగేంద్రబాబు ఎండు చేపల లోడుకి గుడివాడ, విజయవాడ తిరుగుతూనే ఉన్నారు. పాపకి ముందు పన్ను ఊడింది. ఊడిన పన్ను నీకు చూపించాలని నా పసుపు డబ్బాలో దాచింది. ఇప్పుడు కూరలో పసుపు వేయాలంటే ముందు పన్ను వెతుక్కోవాలి.

ఇక కారు సంగతి. చలి రోజుల్లో రాసిన ఉత్తరంలో నువ్వేమన్నావు? "ఆ కారు స్క్రాప్‌కి ఇచ్చెయ్యి. నాన్న ఒప్పుకోకపోతే ఆ ఎడమ పక్క తలుపైనా మార్పించు. ఆ నలిగిన తలుపు వాకిట్లో ఉండగా నేను ఆ ఇంట్లో అడుగు పెట్టలేను. మార్చారని నువ్వు రాసిన రోజే బయల్దేరి వస్తాను, పాపని నాతో తీసుకొచ్చుకుంటాను" అన్నావు. ఇప్పుడు ఎండలు ముదిరాయి. ఒక తలుపు దొరకడానికి ఇన్నాళ్ళా అక్కా, అని ఈ ఉత్తరంలో అడిగావు. అడగాల్సిన మాటే. మొదటి నుంచీ చెప్తాను, కోప్పడకుండా చదువు.

స్క్రాప్ అన్న మాట ఎత్తగానే నాన్న ఇంతెత్తున లేచాడు. "పడవ మనిషిని మింగితే పడవని తగలెట్టుకుంటామా? ఆ పక్క చెక్క ఊడదీసి కొత్తది వేసుకుంటాం. ఇదీ అంతే" అన్నాడు. మన ఇళ్ళల్లో పద్ధతి నీకు తెలియనిదేముంది. మనిషి పడిపోయిన పక్క చెక్కని ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర నీళ్ళలో వదలాలి. అది తేలుతూ పోతుంటే పోయినవాళ్ళతో చెప్పుకోవాల్సిన మాటలు చెప్పుకోవాలి. అప్పుడుగానీ పడవ మళ్ళీ వేటకి కదలకూడదు. నాలుగు చక్రాల కారుకి కూడా ఈ పద్ధతేమిటి నాన్నా అంటే, "దాని మీద కూడా మన మనిషే పోయింది కదే" అన్నాడు. ఇంక నేనేం మాట్లాడను?

బందరులో బాగుచేయిస్తే దారినపోయే ప్రతివాళ్ళూ ఆగి చూసి జాలిపడతారని మీ బావ దాన్ని గుడివాడ పంపించారు. అక్కడ గంగాధరరావు గారని, టింకరింగ్ షెడ్డు ఉంది. పెద్దాయన, నెమ్మదస్తుడు. ముందు కారు చుట్టూ తిరిగి చూసి, వంగిన తలుపు స్తంభం లాగి నిలబెట్టొచ్చన్నాడు. బోనెట్టు, ముందు బంపరు, ఎడమ ఫెండరు కొత్తవి వేసి రంగు కొడతానన్నాడు. తలుపు దగ్గరే తిరకాసు వచ్చింది. కొత్త తలుపు రంగు లేకుండా వస్తుందట, దానికి మనమే రంగు కొట్టుకోవాలట. మనది వెండి రంగు కదా, అది మహా పెంకిదట. ఎంత బాగా కొట్టినా పక్క తలుపు పక్కన పెడితే ఎండలో తేడా కొడుతుందట. అందుకని విజయవాడలో విప్పేసిన పాత కార్ల దగ్గర, ఇదే రంగు కారు తలుపు దొరికితే ఉన్నదున్నట్టు బిగించొచ్చన్నాడు. అలాంటివి దొరికినప్పుడల్లా తెప్పిస్తాను, మీరు వచ్చి చూసుకోండమ్మా అన్నాడు.

అలా మొదలైంది నా గుడివాడ ప్రయాణం. పెడన మీదుగా బస్సు, గుడ్లవల్లేరులో కాలేజీ పిల్లలందరూ ఎక్కి దిగేదాకా ఒంటికాలి మీద నిలబడటం. మాధవి ఎప్పుడూ ఆ పిల్లల్ని చూసి, మన సుమ కూడా ఇలా బ్యాగు తగిలించుకుని వెళ్తుంది వదినా అనేది. ఆ మాట గుర్తొచ్చి ఒకసారి బస్సులోనే కళ్ళు తుడుచుకున్నాను. ఒక పిల్ల లేచి నాకు సీటు ఇచ్చింది, కాళ్ళ నొప్పులనుకుని.

గంగాధరరావు గారు నాకు తలుపు చూడటం నేర్పాడు. గుడ్డ చుట్టిన అయస్కాంతం తలుపు మీద జరుపుకుంటూ వెళ్ళాలి. ఎక్కడ పట్టు తప్పితే అక్కడ లోపల సొట్ట ఉన్నట్టు, పైన లప్పం పూసి కప్పెట్టినట్టు. అంచు దగ్గర కన్ను పెట్టి ఆ చివరిదాకా చూడాలి, గీత ఎక్కడా అలలా లేవకూడదు. తర్వాత నిలబెట్టి వేళ్ళతో తట్టాలి. నేను చేప మొప్ప ఎత్తి చూసినట్టు ప్రతి తలుపు సందులోనూ వేలు పెట్టి చూస్తుంటే, "అమ్మా, మీరు తలుపు కొంటున్నారా, పండుగప్ప కొంటున్నారా?" అని నవ్వాడు. నేనూ నవ్వాను. కానీ ఒక సంగతి నా మనసులో ముల్లులా దిగింది. అక్కడ గోడకి ఆనించిన ప్రతి తలుపూ ఎవరిదో కారుది. ఒకదాని మీద పసుపు కుంకుమ బొట్టు ఇంకా చెరగలేదు. మనకి తలుపు దొరకాలంటే ఎక్కడో ఇంకొకళ్ళ కారు పాడవ్వాలి. వాళ్ళింట్లో ఎవరు మిగిలారో అనుకుంటూ దాన్ని ముట్టుకోకుండానే వచ్చేశాను.

పాత తలుపు ఊడదీసిన రోజు నాన్న ట్రాలీ ఆటో వేసుకుని వచ్చాడు. ఎవరి మాటా వినకుండా తలుపుని దుప్పట్లో చుట్టి ఇంటికి తెచ్చాడు. మర్నాడు పడవ మీద మొగ దగ్గరకి తీసుకెళ్ళాం. నేనూ వెళ్ళాను. పసుపు, కుంకుమ, పూలు అన్నీ వేసి నాన్న దాన్ని నీళ్ళలోకి జార్చాడు. చెక్కయితే తేలుతూ, ఊగుతూ, కనుచూపు దాటేదాకా వెళ్తుంది కదా. ఇది ఇనుము. చెయ్యి వదలగానే మునిగిపోయింది. పూలు మాత్రం పైన తిరుగుతున్నాయి. నాన్న ఇంకా ముందుకి వంగి అలాగే ఉన్నాడు. "మాట చెప్పనివ్వలేదే" అన్నాడు. ఇంత వయసొచ్చి ఇనుము మునుగుతుందని ఆయనకి తెలియదా? తెలుసు. ఆ నిమిషాన తట్టలేదంతే. కోడలితో చెప్పాలనుకున్న మాట ఏమిటో నేను అడగలేదు. 

దీనికి కొసమెరుపు ఉంది, విను. ఇన్సూరెన్సు వాళ్ళ తరఫున పరిశీలించడానికి ఒకాయన షెడ్డుకి వచ్చాడు. తీసేసిన పాత సామాన్లన్నీ చూపించాలట. బోనెట్టు, ఫెండరు చూపించారు. తలుపేదీ అన్నాడు.

"సముద్రంలో ఉందండీ" అన్నాడు నాన్న.

"సముద్రంలో ఎందుకుందండీ?"

"అక్కడే ఉండాలి కాబట్టి."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, గంగాధరరావు గారి వంక చూశాడు. మొదట తీసిన ఫోటోల్లో నలిగిన తలుపు స్పష్టంగా ఉండబట్టి బతికిపోయాం. ఆయన వెళ్ళేటప్పుడు మాత్రం నాన్న దగ్గర కాసేపు ఆగి, "మీ కోడలుగారా అండీ?" అని అడిగి, చేతులు జోడించి వెళ్ళాడు.

ఇక నువ్వు ఉత్తరం చివర, చిన్న అక్షరాలతో, అడగాలో వద్దో అన్నట్టు అడిగిన ప్రశ్న. మీ అత్తగారు నీ మొహం చూస్తారా అని. కోటేశ్వరమ్మ పిన్నిగారు పోయిన వారం అవనిగడ్డ నుంచి వచ్చారు. చిక్కిపోయారు. నీ సంగతి నేనే ఎత్తాను. చాలాసేపు చీర కొంగు మడత పెడుతూ కూర్చుని, "రమ్మను అమ్మాయ్. నా కూతురు గురించి మాట్లాడుకోవడానికి నాకింకెవరున్నారు? దాన్ని నాకన్నా బాగా ఎరిగినవాడు అతనే కదా" అన్నారు. ఆవిడ అన్న మాట అన్నట్టే రాశాను. ఒక్క అక్షరం కలపలేదు. కోపం లేదని నేను చెప్పను, ఎప్పుడైనా వస్తుందేమో. కానీ నువ్వు అక్కడ కూర్చుని ఊహించుకుంటున్న కోపం మాత్రం ఇక్కడ లేదు.

ఆవిడ వచ్చిన రోజే ఇంకొకటి జరిగింది. అది చెప్పాలంటే నేను ఇన్నాళ్ళూ నీకు రాయనిది రాయాలి. రెండుసార్లు పెన్ను కింద పెట్టి, పొయ్యి మీద ఏమీ లేకపోయినా వంటింట్లోకి వెళ్ళొచ్చాను. ఇంక చెప్పేస్తాను.

తలుపు దొరక్క కాదు అయ్యప్పా, ఆలస్యమైంది.

మొదటి తలుపుకి నిజంగానే లప్పం ఉంది, అయస్కాంతం జారిపోయింది. రెండోది రంగు కాస్త ముదురు. మూడోది బంగారం లాంటి తలుపు. మన రంగే. ఒక్క సొట్ట లేదు, అంచు తిన్నగా ఉంది, గంగాధరరావు గారు కారుకి ఆనించి చూపిస్తే సందు కూడా చక్కగా కుదిరింది. నేను తట్టి చూసి, శబ్దం బాగోలేదన్నాను. ఆయన దాన్ని తీసుకెళ్ళి మళ్ళీ గోడకి ఆనించాడు. నాలుగోదానికి వెంట్రుకంత గీత పట్టుకుని వద్దన్నాను. ఆయన నేర్పిన విద్య అంతా వంకలు పెట్టడానికే వాడాను. బస్సులో తిరిగి వస్తూ, ఇంకో నెల గడిచింది అని సంతోషపడ్డాను. అవునురా, సంతోషపడ్డాను.

ఎందుకంటే తలుపు మారిందని రాస్తే నువ్వొస్తావు. నువ్వొస్తే పాప వెళ్ళిపోతుంది. అక్కడ ఆ ఒరియా బళ్ళో అది ఏం చదువుతుంది, షెడ్డుకి నువ్వెళ్తే దాని జడ ఎవరు వేస్తారు, అని నాకు నేను చాలా కారణాలు చెప్పుకున్నాను. అవన్నీ పై మాటలు. నాకు పిల్లల్లేరని ఊరందరికీ తెలుసు. ఆ లేకపోవడం ఎంత పెద్దదో నాకొక్కదానికే తెలుసు. ఒకరోజు నేను వంటింట్లో కళ్ళు తుడుచుకుంటుంటే పాప గుమ్మంలో నిలబడి, "అమ్మా, మంచినీళ్ళు" అంది నన్ను. అత్తని అని నేను చెప్పలేదు. గ్లాసుతో నీళ్ళిచ్చాను. మర్నాడు కూడా అమ్మా అంది. ఆ తర్వాత అదే అలవాటైపోయింది. మీ బావ ఒకసారి, "తప్పు సూర్యం, చెప్పు దానికి" అన్నారు. చెప్తాలే అన్నాను. చెప్పలేదు. నా మరదలు పోతే నాకు కూతురొచ్చిందని లోపల ఎక్కడో అనుకున్నాను. ఈ మాట రాస్తుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది. మాధవి నన్ను వదినా వదినా అంటూ ఎలా తిరిగేదో నీకు తెలుసు.

పిన్నిగారు వచ్చిన రోజు పాప ఆవిడ ఎదురుగానే నన్ను అమ్మా అని పిలిచింది. ఆవిడ చేతిలో కాఫీ గ్లాసు అలాగే పెట్టేసి వాకిట్లోకి వెళ్ళి, మెట్టు మీద కూర్చున్నారు. నేను వెనకాలే వెళ్ళాను. తిడతారేమో అనుకున్నాను, తిడితే బాగుండేది. "పిల్ల బాగుంది అమ్మాయ్, నువ్వు బాగా చూసుకుంటున్నావు" అని, "దాని నోట మా మాధవి పేరు ఎప్పుడైనా వస్తుందా?" అని మాత్రం అడిగారు. ఆవిడ భోజనం చెయ్యకుండానే బస్సెక్కారు.

మర్నాడే గుడివాడ వెళ్ళాను. "ఆ మూడో తలుపు ఉందా గంగాధరరావు గారూ, ఎవరికైనా ఇచ్చేశారా?" అని అడిగాను. "మీదేనని పక్కన పెట్టానమ్మా" అన్నాడాయన. నిన్న తలుపు బిగించారు. రమ్మంటే పాపని కూడా తీసుకెళ్ళాను. నాన్న ముందే అక్కడ కూర్చుని ఉన్నాడు. కీలుకి ఒక బోల్టు వదులుగా ఉంచమన్నాడు. పడవకి కొత్త చెక్క వేస్తే ఆఖరి మేకు పోయినవాళ్ళ మనిషే కొట్టాలి కదా, ఆ బోల్టు నువ్వే బిగించాలట. గంగాధరరావు గారు సరేనన్నాడు. కారు ఇంకా ఆయన షెడ్డులోనే ఉంది. నువ్వొచ్చేదాకా అక్కడే ఉంటుంది.

పాప ఆ తలుపు దగ్గరకి వెళ్ళి, చేత్తో రాసి చూసి, "ఇది అమ్మ కూర్చునే వైపు కదా" అంది.

కింద కూర్చుని దాన్ని దగ్గరకి తీసుకున్నాను. "ఏ అమ్మ?" అని అడిగాను.

"మా అమ్మ. మాధవి" అంది, ఇదేం ప్రశ్న అన్నట్టు చూసి.

"మరి నన్ను కూడా అమ్మా అంటున్నావు కదే."

"అలా పిలిస్తే నువ్వు వంటింట్లో ఏడవట్లేదు కదా అత్తా. అందుకని."

అయ్యప్పా, నేను దాన్ని పెంచుతున్నాననుకున్నాను. నా కన్నీళ్ళు తుడవడానికి అది ఇన్నాళ్ళూ వాళ్ళమ్మ పేరు మింగుకుని తిరిగింది. ఆ షెడ్డులో, అంతమంది పనివాళ్ళ ముందు, దాన్ని పట్టుకుని భోరున ఏడ్చాను. నన్నింక అత్తా అనే పిలువమ్మా, నేను ఏడిచినా ఫరవాలేదు, అని చెప్పాను. సరేనంది. ఇంటికొచ్చేదాకా బస్సులో వాళ్ళమ్మ కబుర్లే చెప్పింది. జడ ఎలా వేసేదో, రొయ్యల వేపుడులో కరివేపాకు ఏరి ఎలా పక్కన పెట్టేదో, నీ మీద అలిగితే ఏ గదిలో కూర్చునేదో. నాకు తెలియనివి కూడా చాలా చెప్పింది.

నువ్వు వచ్చాక దాన్ని తీసుకెళ్తానన్నా నేను అడ్డం రాను. నువ్వూ ఇక్కడే ఉంటానంటే మీ పక్కనే నేనుంటాను. రెండింటిలో ఏది నీకు మంచిదైతే అది చెయ్యి. నాకు ఏది ఇష్టమో నేను చెప్పక్కర్లేదు, నీకు తెలుసు. కానీ ఈసారి నా ఇష్టానికి విలువ ఇవ్వకు. తలుపు మారింది తమ్ముడూ. ఆలస్యంగానైనా నిజం రాశాను. నన్ను క్షమిస్తావో లేదో తర్వాత చూసుకుందాం.

ఒక్కటి మాత్రం చెప్పి ముగిస్తాను. రాత్రి పడుకోబోయే ముందు పాప నన్నొకటి అడిగింది. "పెద్దకర్మ రోజు నాన్న ఏడుస్తుంటే దగ్గరకెళ్ళి నాన్నా అని పిలిచాను అత్తా. ఆగలేదు. ఇంకా ఎక్కువ ఏడ్చాడు. మళ్ళీ వస్తే ఏమని పిలవాలి?" అంది.

జవాబు ఉత్తరంలో రాయకు. నువ్వే వచ్చి దానికి చెప్పు.

ఇట్లు,
నీ అక్క, సుమకి మేనత్త,
సూర్యకుమారి